పేడ ఎవరిదో తేలాకే నడిచిన ఉమ్మడి దొడ్డి: కాశీనగర్ బ్లాకులో ఒక ఊరి కేస్ స్టడీ

ఒడిశాలోని గజపతి జిల్లా, కాశీనగర్ బ్లాకు. వంశధార పక్కన, ఆంధ్రా సరిహద్దుకు బాగా దగ్గరగా ఉన్న ఊరు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా ఈ పర్లాకిమిడి ప్రాంతమంతా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది కాబట్టి ఇళ్లల్లో మాట తెలుగే. పిల్లల చదువు, ఆఫీసు కాగితాలు ఒడియాలో. పశువులు కొనడానికి, అమ్మడానికి మాత్రం సంతలకు అటూ ఇటూ పోతారు. ఊరి పేరూ మనుషుల పేర్లూ రాయడం లేదు. ఇందులో కొందరి తగాదాలు ఉన్నాయి, వాళ్లు రేపు మళ్లీ ఒకే బోరింగు దగ్గర నీళ్లు పట్టుకోవాలి.

నేను ఈ జిల్లాలో పశుపోషణ పనులు చూసే ఒక స్వచ్ఛంద సంస్థలో ఉద్యోగిని. ఈ ఊళ్లో మేం పంచాయతీతో, పశువైద్య శాఖ సిబ్బందితో, మహిళా సంఘాలతో కలిసి ఒక ఉమ్మడి పశు వసతి ఏర్పాటు చేశాం. పేరు పెద్దదే గానీ ఉన్నవి ఇవి: రేకుల కప్పు కింద ఒక ట్రెవిస్ (పశువును కదలకుండా నిలబెట్టే ఇనుప చట్రం), మేకలకు తడికలతో కట్టిన సన్న దారి, ఒక పెద్ద నీళ్ల తొట్టి, గడ్డి ముక్కలు చేసే చాఫ్ కట్టర్ ఉన్న చిన్న గది. కట్టడానికి ఒక ఎండాకాలం సరిపోయింది. వాడుకలోకి రావడానికి మాత్రం ఏడాది పైన పట్టింది. రాయదగ్గది ఆ ఏడాది గురించే.

అంతకుముందు

ఊళ్లో పశుపోషణ మూడు రకాలు, ఒకరి అవసరం ఇంకొకరికి పట్టదు. రోడ్డు వీధిలో జెర్సీ సంకరం ఆవులు. ఇంటికి రెండో మూడో ఉంటాయి, సాలలోనే కట్టి మేపుతారు, పొద్దున్నే పాలు కేంద్రానికి పోస్తారు. లోపలి వీధుల్లో నాటు ఆవులు, దుక్కిటెద్దులు. పవర్ టిల్లర్లు వచ్చాక ఎద్దులు తగ్గాయి గానీ చిన్న చిన్న మడులున్నవాళ్లు ఇంకా వాటినే నమ్ముకున్నారు. ఈ పసువులన్నీ ఒకే మందగా ఊరి కాపరి వెంట మేతకు పోతాయి. ఇక జీవాలు: గొల్ల కుటుంబాలకు మందలున్నాయి, ఎస్సీ వీధిలో ఇంటికి నాలుగైదు మేకలు. వీళ్లు కాక, కొండవార సవర కుటుంబాలు వరి కోతలయ్యాక తమ పసువుల్ని కిందికి తోలుకొచ్చి కోసిన మడుల్లో మేపుకుంటారు.

వీళ్లందరికీ ఉమ్మడిగా ఉన్న కష్టం ఒక్కటే, టీకాలు. లైవ్‌స్టాక్ ఇన్‌స్పెక్టర్‌ను ఇక్కడ అందరూ ఎల్.ఐ. బాబు అంటారు. ఆయన ఐస్ బాక్సు పట్టుకుని వచ్చేసరికి మంద ఊరు దాటి పోయేది. ఉన్న పసువుల కోసం ఇంటింటికీ తిరగాలి. ఒక ఇంట్లో పలుపు దొరకదు, ఇంకో ఇంట్లో మగవాళ్లుండరు, మూడో ఇంట్లో ఎద్దు చింతచెట్టు చుట్టూ తిప్పుతుంది. గాలికుంటు టీకా 2 నుంచి 8 డిగ్రీల చలిలో ఉండాలి, తెరిచిన సీసా మర్నాటికి దాచుకునేది కాదు. అందుకని ఎల్.ఐ. బాబుకు ఎప్పుడూ ఒకటే టెన్షన్: సీసా తెరవాలా, ఇంకో నాలుగు పసువులు దొరికేదాకా ఆగాలా అని.

2019లో మొదలైన జాతీయ కార్యక్రమం ప్రకారం గాలికుంటు టీకా ఆరు నెలలకోసారి వెయ్యాలి. దూడకు నాలుగో నెలలో మొదటిది, నెల తర్వాత బూస్టరు. టీకాతోపాటు చెవికి 12 అంకెల ట్యాగు. ట్యాగు అనేసరికి జనం వెనక్కి తగ్గేవాళ్లు. చూడి ఆవు ఈచుకుపోతుందని (గర్భం పోతుందని) కొందరి భయం, పాలు తగ్గుతాయని కొందరిది. లెక్క తెలిస్తే రేపు ఏదో పన్ను వేస్తారని ఇంకొందరి అనుమానం. పాల విషయంలో వాళ్ల మాట పూర్తిగా కొట్టిపారేసేది కాదు. టీకా వేసిన రెండు మూడు రోజులు ఒళ్లు వెచ్చబడి పాలు కాస్త తగ్గడం ఉంది. ఆ సంగతి ముందే చెప్పకుండా "ఏమీ కాదు" అన్నవాళ్ల వల్లే నమ్మకం పోయింది.

ఒక ఏడు ఆషాఢంలో, సరిగ్గా దుక్కుల వేళ, గాలికుంటు ఊరంతా పాకింది. సంతలో కొన్న ఎద్దుల జత ఒకటి మందలో కలిసిన వారానికి మొదలైంది. నోట్లో పుళ్లు, తీగలు తీగలుగా చొంగ, గిట్టల మధ్య కురుపులు. పటిక నీళ్లతో కడిగారు, నోటికి బోరాక్స్ గ్లిజరిన్ రాశారు, పెద్ద పసువులు చాలావరకు బతికాయి. పాలు తాగే దూడలు కొన్ని పోయాయి. బతికిన ఎద్దులు ఆ ఏడు నాగలికి రాలేదు, వాటి యజమానులు టిల్లరు అద్దెకు తెచ్చుకుని అప్పుల్లో పడ్డారు. పంచాయతీలో ఉమ్మడి వసతి మాట వచ్చింది ఆ దెబ్బతోనే. మేం వెళ్లి చెప్పామని కాదు.

స్థలం ఎక్కడ

మొదట అందరి చూపూ గోచర భూమి మీద పడింది. ఒడిశా రెవెన్యూ రికార్డుల్లో పశువుల మేతకు కేటాయించిన నేల అది. పసువుల కోసమే కడుతున్నాం కదా, గోచరంలో కడితే తప్పేముంది అని వార్డు మెంబరు వాదన. తప్పుంది. కేటాయింపు మార్చకుండా అందులో పక్కా కట్టడం లేవదు. మార్చాలంటే తహసీల్దారు ఆఫీసు దాకా ఫైలు పోవాలి. పైగా గ్రామాల ఉమ్మడి భూముల్ని కాపాడాలని, ఆక్రమణలు తొలగించాలని 2011లో సుప్రీంకోర్టు జగ్‌పాల్ సింగ్ కేసులో గట్టిగా చెప్పాక, రెవెన్యూ వాళ్లు ఈ విషయంలో జాగ్రత్తగా ఉంటారు. ఆర్.ఐ. బాబు (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) ఒక్క మాటలో తేల్చేశారు: "మేత నేల తీసేసి మేపేవాళ్లకు షెడ్డు కడతారా?"

అప్పుడు ఒక పెద్దాయనకు బందెలదొడ్డి గుర్తొచ్చింది. 1871 నాటి పశువుల అతిక్రమణ చట్టం కింద పంటచేలో పడ్డ గొడ్లను తోలి కట్టేసే దొడ్లు ఈ ప్రాంతంలో చాలా ఊళ్లలో ఉండేవి. ఈ ఊరి దొడ్డి మూతపడి ఏళ్లయింది. మొండి గోడలు, మధ్యలో పెద్ద రావిచెట్టు, ఒక మూల చెత్త. రికార్డులో పంచాయతీ స్థలమే, కొలతకు అమీన్ వచ్చి హద్దురాళ్లు చూపించాక ఎవరికీ పేచీ లేదు. అన్నిటికంటే ముఖ్యం, అది నాలుగు వీధులు కలిసే చోట ఉంది. దీని విలువ నీళ్ల తొట్టి దగ్గరకు వచ్చేసరికి తెలిసింది.

పాత తరానికి మాత్రం ఆ చోటంటే గిట్టలేదు. "మా నాన్న బందె కట్టలేక అక్కడే ఆవును వదిలేసుకున్నాడు" అని ఒక ముసలమ్మ మీటింగులో లేచి చెప్పింది. దొడ్డి ఎత్తేసి ఇన్నేళ్లయినా ఆవును పోగొట్టుకున్న ఇల్లు ఏదో, దాన్ని పట్టి తోలినవాడు ఎవడో ఊరికి గుర్తుంది. అందుకే పాత గేటు పీకేసి దొడ్డిని రెండు వైపులా తెరిచి ఉంచాలని పల్లిసభలో (ఒడిశాలో ఊరి జనమంతా కూర్చునే సభ) రాయించుకున్నారు. అది ఇంజనీరు డ్రాయింగులో లేదు, తర్వాత కలిపారు.

డబ్బు సంగతి క్లుప్తంగా చెప్తాను. 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే వాడాల్సి ఉండేది, మిగతా 40 శాతం పంచాయతీ ఇష్టం. కప్పు, నేల, ట్రెవిస్ ఆ 40 శాతంలోంచి వచ్చాయి. చాఫ్ కట్టర్ మహిళా సంఘం తన అప్పుతో కొనుక్కుంది. మా సంస్థ ఇచ్చింది తొట్టి ఖర్చు, నా జీతం. మధ్యలో ఎవరో 2021లో మార్చిన జాతీయ పశుధన మిషన్ సబ్సిడీ సంగతి ఎత్తారు. సగం పెట్టుబడి సర్కారే ఇస్తుందట కదా అని ఊరంతా ఆశ. అందులో అన్నిటికంటే చిన్న మేకల యూనిట్ 100 మేకలు, 5 పోతులు. ఇంటికి నాలుగు మేకలున్న ఊళ్లో ఆ ఆశ పట్టుకుని ఏడాది తిరగడం దండగని నేను అడ్డుపడ్డాను. ఒకరిద్దరు ఇప్పటికీ నా మీద గుర్రుగానే ఉన్నారు.

కొమ్ములు, ఇనుము, తడికలు

పల్లిసభలో అందరూ తలూపారు, పుస్తకంలో సంతకాలు పడ్డాయి, షెడ్డు లేచింది. మొదటి టీకాల పొద్దున తెచ్చిన మొదటి ఎద్దుకే ట్రెవిస్‌లో తల పట్టలేదు.

డ్రాయింగు జెర్సీ ఆవుకు గీసింది. ఈ ఊరి ఎద్దుల కొమ్ములు పక్కలకు విచ్చుకుని ఉంటాయి. ముందున్న రెండు నిలువు పైపుల మధ్య సందులోకి ఎద్దు తల వంచి దూర్చింది గానీ మళ్లీ ఎత్తేసరికి కొమ్ములు అడ్డం పడ్డాయి. వెనక్కి లాక్కుంటే ఇనుము ఖణేల్‌మంది. ఆ చప్పుడుకు వరసలో ఉన్న పసువులన్నీ బెదిరి పలుపులు తెంపుకున్నంత పని చేశాయి. యజమాని ముకుతాడు పట్టుకుని "హో... హో..." అంటూ దాని మెడ నిమురుతుంటే, ఊరి వడ్రంగి వచ్చి పక్క పైపు బోల్టు విప్పాడు. అటుపక్క నాటు పెయ్య ఒకటి ఎవరూ చూడకుండా కింది అడ్డకమ్మీ కిందుగా దూరి బయటికి పోయింది.

ఆ సాయంత్రమే వడ్రంగి, ఎల్.ఐ. బాబు, ఇద్దరు రైతులు కూర్చుని మార్పులు తేల్చారు. ముందు పైపుల్లో ఒకదాన్ని పక్కకు జరిగేలా చేశారు, పసువు తల పెట్టాక దగ్గరకు లాగి మేకు దించొచ్చు. కింద ఇంకో అడ్డకమ్మీ వచ్చింది. పైపులకు పాత గోనెసంచులు చుట్టి కొబ్బరితాడుతో బిగించారు, చప్పుడు పోయింది. సిమెంటు నేల నున్నగా ఉండి గిట్టలు జారుతున్నాయని ఉలితో గాట్లు పెట్టారు. ఖర్చు చెప్పుకోదగ్గది కాదు. కానీ ఇలాంటి వసతులు ఎక్కడ కట్టినా మొదట అక్కడి పసువును ఒకదాన్ని పట్టుకొచ్చి టేపుతో కొలవమని నేను అందరికీ చెప్తుంటాను, అంచనాల కాగితం తర్వాత.

మేకలవాళ్లు ఆ రోజు దూరంగా నిలబడి నవ్వుకున్నారు. ట్రెవిస్‌తో వాళ్లకు పనేముంది? "పల్లిసభలో సెయ్యెత్తమంటే ఎత్తినాం బాబూ, మాకేటి లాభం?" అని ఒకాయన నన్నే అడిగాడు. సమాధానం వాళ్ల దగ్గరే ఉంది. మేక ముందున్న మేక వెనకే పోతుంది. రెండు వైపులా నడుం ఎత్తు తడికలు కట్టి, ఒక మనిషి పట్టేంత సందు చేస్తే చాలు, అవే వరసగా వస్తాయి. వెదురు గొల్లవాళ్లు తెచ్చారు, అల్లింది ఎస్సీ వీధివాళ్లు. పి.పి.ఆర్. (మేకలకు, గొర్రెలకు వచ్చే అంటుజబ్బు) టీకా ఒకసారి వేస్తే సుమారు మూడేళ్లు పనిచేస్తుంది గనుక ఏ మేకకు వేశారో గుర్తుండటం ముఖ్యం. వేసినదానికి వీపు మీద రంగు చుక్క పెట్టి వదిలితే చూసేవాళ్లకు కూడా సరదాగా ఉంటుంది, పిల్లలంతా అక్కడే.

పేడ

అసలు కథ ఇది.

మంద పొద్దున్నే పోయి మధ్యాహ్నం రావిచెట్టు కింద కాసేపు ఆగి, నీళ్లు తాగి, మళ్లీ సాయంత్రం దాకా మేయాలని మా ప్లాను. పాత దొడ్డిలో నీడ ఉంది, ఇప్పుడు తొట్టి వచ్చింది. మంద రోజూ అక్కడికి వస్తే జబ్బు పడ్డ పసువు వెంటనే కంటబడుతుంది, ఎదకొచ్చిన ఆవు తెలుస్తుంది, టీకాల రోజున వేరే తోలుకురానక్కర్లేదు. కాగితం మీద చక్కగా ఉంది. కట్టాక మొదటి రెండు వారాలు మంద వచ్చింది. తర్వాత రావడం మానేసింది. తొట్టిలో నీళ్లకు పాచి పట్టింది.

ఎందుకని ఎవర్ని అడిగినా "వాడికి బద్ధకం" అన్నారు, కాపరి గురించి. పల్లిసభ ఏ రోజు జరిగినా మధ్యాహ్నమే, ఆ వేళకు ఆయన మంద దగ్గర ఉంటాడు. కాబట్టి ఏ మీటింగులోనూ ఆయన లేడు. ఆయన అభిప్రాయం ఎవరూ అడగలేదు, ఆయనకు సొంతంగా పసువు ఒక్కటీ లేదు కదా అని. మందలో పసువుకు ఇంత అని నెలకు కొంత డబ్బు, కోతలప్పుడు కుంచాల లెక్కన వడ్లు, అంతే ఆయన రాబడి. అంతే అని మేం అనుకున్నాం.

నేను మంద వెంట నది ఒడ్డుకు నడిచాక తెలిసింది. ఇదివరకు మంద మధ్యాహ్నం ఆగేది నది ఒడ్డు తోపులో. అక్కడ పడ్డ పేడ ఆనవాయితీగా కాపరి ఇంటిది. ఆయన భార్య, కోడలు గంపలతో ఎత్తి కుప్ప వేసి, ఎండాకాలంలో బండి లెక్కన గెత్తం (పేడ ఎరువు) అమ్ముతారు. వాళ్లింటికి చేతిలో ఆడే డబ్బు అదే. మంద దొడ్డికి మారాక, వార్డు మెంబరు ఆ పేడ పంచాయతీ స్థలంలో పడుతోంది కాబట్టి పంచాయతీదే, వేలం వేస్తామన్నాడు. మహిళా సంఘం వాళ్లు వర్మీ కంపోస్టు తొట్లు వేసుకుంటాం, మాకే ఇవ్వండన్నారు. పాల రైతులు మా ఆవుల పేడ మాది కాదా అని కొత్త పాట ఎత్తుకున్నారు, వాళ్ల ఆవులు మందలోకే రావు! మొదటి వారంలో కాపరి భార్య గంప పట్టుకుని వస్తే ఎవరో "ముట్టుకోకు" అన్నారు. ఆ మాట తర్వాత ఆయన మందను మళ్లీ తోపుకే తోలుకుపోయాడు. గొడవ పడలేదు, ఎవర్నీ ఒక మాట అనలేదు.

"మావా, మరి చెప్పొచ్చు కదా" అంటే, "ఎవులికి సెప్పాల బాబూ? పసువులు ఆలవి, సోటు ఆలది, తొట్టి మీది. నడక ఒక్కటే నాది. నడక ఎటో నేను సూసుకున్నాను" అన్నాడు.

ఈ ముడి విప్పడానికి రెండు నెలలు పైగా పట్టింది. సర్పంచ్ మంచి మనిషే, కానీ వార్డు మెంబరును నలుగురిలో కాదనలేరు. మేం చేసింది ఒకటే, మీటింగు వేళ మార్చమన్నాం. చీకటి పడ్డాక, మంద ఇళ్లకు చేరాక, దొడ్డిలోనే లైటు కింద. ఆ రోజు కాపరి వచ్చి చివరన కూర్చున్నాడు. ఎల్.ఐ. బాబు సూటిగా అడిగారు: దొడ్డి రోజూ ఎవరు ఊడుస్తారు? తొట్టి ఎవరు కడుగుతారు? పంచాయతీ జీతమిచ్చి మనిషిని పెడుతుందా? ఎవరూ మాట్లాడలేదు. పేడకు నలుగురు హక్కుదారులున్నారు, చీపురుకు ఒక్కరూ లేరు.

చివరకు తేలింది ఇది. మధ్యాహ్నం పడే పేడ అంతా కాపరి ఇంటిదే. బదులుగా ఆ ఇంటివాళ్లు రోజూ దొడ్డి ఊడ్చి, వారానికోసారి తొట్టి ఖాళీ చేసి సున్నం కొట్టాలి. మహిళా సంఘానికి వర్మీ కంపోస్టుకు కావాలంటే వాళ్ల దగ్గరే గంప లెక్కన కొనుక్కోవాలి, ధర ఏడాదికోసారి పల్లిసభలో. సంఘం అధ్యక్షురాలు ముందు మొహం ముడుచుకుంది. లెక్క వేసుకున్నాక మనిషిని పెట్టి ఎత్తించడం కంటే కొనడమే చవకని తేలి ఒప్పుకుంది. వార్డు మెంబరు మాట నిలబెట్టడానికి తీర్మానంలో "పంచాయతీ అనుమతితో" అన్న ముక్క చేర్చారు. తీర్మానం ఒడియాలో రాసి బ్లాకుకు పంపారు, అదే తెలుగులో దొడ్డి గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించారు. పెద్దవాళ్లకు చదవొచ్చేది తెలుగే.

మర్నాటి మధ్యాహ్నం నుంచి మంద దొడ్డికి రావడం మొదలైంది.

భాగస్వాముల జాబితాలు తయారుచేసే మా రంగంలో ఒక అలవాటు ఉంది. ఆస్తి ఉన్నవాడిని, అధికారం ఉన్నవాడిని రాసుకుంటాం. సంఘాలను, శాఖలను, బ్యాంకును గళ్లలో పెడతాం. ఆ వసతి రోజువారీగా ఎవరి కాళ్ల మీద నడుస్తుందో, దానివల్ల ఎవరి చిన్న రాబడి ఎటు జరుగుతుందో ఆ గళ్లలో పట్టదు. ఇప్పుడు ఏ ఊరికి వెళ్లినా నేను మొదట అడిగేది పేడ, మూత్రం, రాలిన గడ్డి, తొట్టి అడుగు నీళ్లు ఇప్పుడు ఎవరికి పోతున్నాయని. సిమెంటు సంగతి ఆ తర్వాతే.

తొట్టి, తాళం

నీళ్ల తొట్టిని మొదట రోడ్డు వీధి వైపు పెడదామన్నారు, బోరు అక్కడ దగ్గర. అలా చేస్తే ఎస్సీ వీధి మేకలు, పసువులు రోడ్డు వీధి ఇళ్ల ముందు నుంచి రావాలి. ఎవరూ రావద్దని చెప్పరు. వాళ్లూ రారు. ఎస్సీ వీధి వార్డు మెంబరు ఈ మాట పైకి అనకుండా, "పైపు ఇంకో ముప్ఫై అడుగులు లాగితే నాలుగు వీధులకీ సమానం" అంది. పైపు ఖర్చు తనే అడిగి మా దగ్గర ఇప్పించుకుంది. తొట్టి ఇప్పుడు దొడ్డి నడిమధ్యలో ఉంది. రెండు ఎత్తుల్లో కట్టాం, పెద్ద పసువులకు ఒకటి, మేకలకు పక్కనే పొట్టిది.

ఉమ్మడి తొట్టితో ప్రమాదం కూడా ఉంది, ఇది దాచకూడదు. గాలికుంటు ఉన్న పసువు చొంగ ఒక్కసారి తొట్టిలో పడితే ఊరంతటికీ పంచినట్టే. అందుకే ఎక్కడ జబ్బు కనబడినా తొట్టి ఆ రోజే మూసేస్తారు, లీటరుకు 40 గ్రాముల లెక్కన వాషింగ్ సోడా కలిపిన నీళ్లతో తొట్టి, ట్రెవిస్ కడుగుతారు. మంద దొడ్డికి రాదు. మూసే అధికారం ఎవరికి ఉండాలన్న దాని మీద వాదన జరగలేదు. కాపరి చెప్తే ఎల్.ఐ. బాబుకు ఫోను, ఆయన సరేనంటే తొట్టికి తాడు.

చాఫ్ కట్టర్ గది తాళం గురించి మాత్రం జరిగింది. యంత్రాలు చివరికి సంఘం నాయకురాలి వరండాలో తేలడం నేను చాలా చోట్ల చూశాను. ఇక్కడ తాళంచెవి ఎదురుగా ఉన్న టీకొట్టులో ఉంటుంది. ఆ కొట్టు తెల్లారకముందే తెరుస్తారు, కొట్టాయనకు పసువుల్లేవు, ఏ సంఘంలోనూ సభ్యుడు కాదు. గంప గడ్డికి ఇంత అని డబ్బు అక్కడే డబ్బాలో వేసి నోటుబుక్కులో రాయాలి. రాసేదాంట్లో అప్పుడప్పుడు తేడాలొస్తాయి, నెలాఖరున సంఘం వాళ్లు గట్టిగా అరుచుకుని సర్దుకుంటారు. రెండు ఖచ్చితమైన రూల్స్ ఉన్నాయి. పిల్లలు గదిలోకి రాకూడదు. చీర కొంగు నడుముకి దోపుకోకుండా మోటారు ఆన్ చెయ్యకూడదు. పక్క పంచాయతీలో ఒకావిడ వేళ్లు పోయిన సంగతి అందరికీ తెలుసు కాబట్టి వీటికి ఎవరూ ఎదురు చెప్పరు.

సరిహద్దు అవతల

ఆంధ్రా వైపు పక్క ఊరి మంద, ఈ ఊరి మంద ఎండాకాలంలో నది ఇసుక పక్కన ఒకే పచ్చికలో మేస్తాయి. రెండు రాష్ట్రాల టీకాల తేదీలు వేర్వేరు. పైనుంచి కలపాలంటే ఫైలు ఎంత దూరం పోవాలో ఊహించుకోండి. కింద మాత్రం తేలిగ్గానే అయింది. ఎల్.ఐ. బాబూ, అవతలి పశు సహాయకురాలూ ఫోన్లు ఇచ్చిపుచ్చుకున్నారు. ఎవరి క్యాంపు ముందుంటే వాళ్లు రెండోవాళ్లకు చెప్తారు, వీలైనంత దగ్గర తేదీలు పెట్టుకుంటారు. 2019లో ముద్ద చర్మ వ్యాధి మన దేశంలో మొదట బయటపడింది ఒడిశాలోనే. ఆ తర్వాత ఇలాంటి కబుర్ల విలువ ఇద్దరికీ తెలిసొచ్చింది. ఈగలు, దోమలతో పాకే జబ్బుకు చెక్‌పోస్టు ఏం చేస్తుంది?

సంతలో కొన్న పసువును రెండు వారాలు విడిగా ఉంచడానికి దొడ్డి వెనక చిన్న కొట్టం కట్టాలని మొదట అనుకున్నాం. గాలికుంటు సోకాక లక్షణాలు పైకి రావడానికి రెండు నుంచి 14 రోజుల దాకా పట్టొచ్చు, అందుకే రెండు వారాలు. కొట్టం కట్టారు, ఒక్కరూ కట్టెయ్యలేదు. కొత్త ఎద్దును కొని ఇంటికి తెచ్చి పసుపు కుంకుమ పెట్టి దిష్టి తియ్యాల్సిన చోట, ఊరి దొడ్డిలో ఎవరు వదిలేస్తారు? దొంగల భయం ఉండనే ఉంది. ఆ కొట్టంలో ఇప్పుడు సున్నం బస్తాలున్నాయి.

దాని బదులు వచ్చిన పద్ధతి కాపరిది. కొత్త పసువును ఇంట్లోనే ఉంచుకోండి, రెండు వారాలు నేను మందలో కలపను, అంతే. మొదట్లో ఒక పెద్ద రైతు బలవంతంగా తోలితే ఆయన ఆ ఎద్దును వెనక్కి తీసుకొచ్చి ఇంటి గుంజకే కట్టి పోయాడు. దుక్కిటెద్దులు చచ్చుబడిన ఆషాఢం ఎవరూ మరచిపోలేదు కాబట్టి ఊరు కాపరి పక్షానే నిలబడింది. పంచాయతీ తీర్మానంతో అయ్యే పని కాదది.

ఇప్పుడు ఎలా ఉంది

టీకాలు ఇదివరకు రోజుల తరబడి సాగేవి, ఇప్పుడు పెద్ద పసువులకు ఒక పొద్దు, జీవాలకు ఒక పొద్దు సరిపోతోంది. ఎదకొచ్చిన ఆవును పొద్దున చూస్తే సాయంత్రం చూడి కట్టించే ఇంజక్షన్ (కృత్రిమ గర్భధారణ) వేయించాలన్న లెక్క జనానికి బాగా ఎక్కింది, ట్రెవిస్ ఎక్కువగా వాడేది దానికే. పాలు పెరిగాయా అని నిధులిచ్చేవాళ్లు అడుగుతుంటారు. కేంద్రానికి పోసేవాళ్లు పెరిగారు, కానీ ఆ మధ్యే పాల ధర కూడా పెరిగింది. ఆ ఘనత దొడ్డి ఖాతాలో రాయడానికి నాకు మనసొప్పదు.

చెరువుగట్టు మీద వేసిన నేపియర్ గడ్డి పోయింది. ఎండల్లో నీళ్లు పెట్టేవాళ్లు లేరు, పచ్చగా ఉన్నంతకాలం మేకలు వదల్లేదు. ఇంటి పెరట్లో నాలుగు మొక్కలు పెట్టుకున్న పాల రైతులకు మాత్రం బాగా వచ్చింది. ఉమ్మడిగా చెయ్యాల్సింది, ఎవరికివారు చేసుకోవాల్సింది వేరువేరని నా అభిప్రాయం. పసువును నిలబెట్టే చట్రం ఇంటికొకటి అక్కర్లేదు. గడ్డికి నీళ్లు పెట్టడం ఊరందరి పని అంటే ఎవరి పనీ కాకుండా పోతుంది.

సవర కుటుంబాల సంగతి ఇంకా సగమే అయింది. కోతల తర్వాత వాళ్ల పసువులు వచ్చే సమయానికి టీకాల రౌండు అయిపోయి ఉంటుంది. వాళ్ల ఊళ్లు గుమ్మ బ్లాకులో, అక్కడి సిబ్బంది వేరు. మొన్నటి ఏడు ఎల్.ఐ. బాబు మిగిలిన డోసులతో కొన్నిటికి వేశారు గానీ దాన్ని పద్ధతి అనలేం.

ప్రస్తుతం నడుస్తున్న తగువు రెండు విషయాల మీద. పాలు కొనేవాళ్లు దొడ్డిలో కూలింగ్ ట్యాంకు గది కట్టుకుంటామంటున్నారు, అద్దె ఇస్తారట. గది కడితే రావి నీడ సగం పోతుందని మందవాళ్ల అభ్యంతరం. ఫిబ్రవరి పల్లిసభలో తేలాలి. రెండోది కాపరి విషయం. ఆయనకు మోకాళ్ల నొప్పులు, కొడుకు విశాఖలో వెల్డింగు పనికి పోయాడు, తిరిగి రానంటున్నాడు. పసువుకు ఇచ్చే నెల డబ్బు పెంచుతామని ఊరు ఒప్పుకుంది. మందకు ఇద్దరు ముందుకొచ్చారు, ఒకరు ఎస్సీ వీధి నుంచి, ఒకరు గొల్లవీధి నుంచి. పేడ హక్కు కొత్త కాపరికి పోవాలా, పాత కాపరి భార్య ఉన్నన్నాళ్లు ఆవిడకే ఉండాలా అన్నది ఇంకా మాట్లాడుకుంటున్నారు. ఆవిడ మాత్రం ప్రతి మీటింగుకూ వస్తోంది, ముందు వరసలోనే కూర్చుంటోంది.